పడుగుకు చోటు

ఎమ్మిగనూరు,
4 ఆగస్టు 2024

చిరంజీవి ప్రణీతకు జేజి ఆశీస్సులు.

నా ఆరోగ్యం బాగుంది. నీదీ బాగుందని మీ నాయన చెప్పాడు. ఆ సంగతి అయిపోయింది కాబట్టి విషయానికి వస్తున్నాను.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు "ఆఁ జేజీ, చూస్తా జేజీ" అంటూ అవతల ఇంకొకరితో మాట్లాడుతుంటావు. కాగితం మీద ఆ వేషాలు కుదరవు. జవాబు కూడా నీ చేతిరాతతోనే రావాలి.

నిన్న చౌడమ్మ గుడి గోడకు మన వీధి బొమ్మను అంటించి పోయారు. పైన ‘వారసత్వ వీధి - సుందరీకరణ నమూనా’ అని రాసి ఉంది. పోయిన ఏడు రోడ్డు వెడల్పు చేస్తామని మన ఇళ్ళ ముందరి గదులన్నీ పడగొట్టబోయారు. నువ్వు కడపలో పాత కట్టడాలు బాగుచేసే కంపెనీలో ఉన్నావు కాబట్టి, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మన వీధికి ఈ వారసత్వ హోదా తెచ్చావు. రోడ్డు ఆగిపోయింది. ఆ రోజు వీధంతా బొరుగులు, బెల్లం పంచుకున్నాం. నా మనవరాలని చెప్పుకోవడానికి నేను గుడి దాకా పోయి మరీ కూర్చున్నాను. అందుకే ఈ బొమ్మ చూస్తే ఇంత మండింది.

వీధి నడుమ, ఈ కొస నుంచి ఆ కొస దాకా రాతి తొట్లు. తొట్లలో పూలమొక్కలు. తొట్టికీ తొట్టికీ మధ్య కూర్చునే బల్ల, దాని పక్కన ఇనుప దీపస్తంభం. గొడుగు పట్టుకున్న ఒక ఆడమనిషి, ఐస్‌క్రీం తింటున్న పిల్లవాడు, తాడు కట్టిన కుక్క. మన వీధిలో కుక్కకు తాడు కట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు. నూలుపోగు మాత్రం ఎక్కడా లేదు.

మీ చిన్నాయన ఈరేష్ ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. "అమ్మా, మరి పడుగు యాడ సాగదీయాల?" అన్నాడు.

నీకు చెప్పనక్కర్లేదు. ఆ బొమ్మ గీసినవాడికి చెప్పాలి. మగ్గం ఎక్కించే ముందు పడుగు నూలును వీధి పొడవునా సాగదీసి కట్టి, గంజి పెట్టి, మనుషులు అటూ ఇటూ నడుస్తూ కుంచెతో దువ్వి ఆరబెడతారు. అది ఇంట్లో జరిగే పని కాదు, పెరట్లో జరిగే పని కాదు. పడుగు ఎంత పొడవో మన వీధి అంత పొడవు. అందుకే దానికి మలుపు లేదు, నడుమ చెట్టు లేదు, ఏ ఇంటి అరుగూ హద్దు దాటి ముందుకు రాదు. వాడికి ఖాళీగా కనబడిన జాగానే మన కార్ఖానా.

గీసినవాడి సంతకం నాకు అర్థం కాలేదు. ఎవడో కనుక్కుని గట్టిగా మందలించు.

మీ జేజి,
శివకుమారి


కడప,
21 ఆగస్టు 2024

ప్రియమైన జేజికి,

నీ ఉత్తరం అందింది. కవరు మీద స్టాంపు చూసి మా ఆఫీసులో అందరూ వింతగా చేతులు మార్చుకున్నారు. నీ అక్షరాలు ఇప్పటికీ అచ్చు గుద్దినట్టే ఉన్నాయి.

మొన్న ఆదివారం అమ్మా నాయనా నేనూ ఒంటిమిట్ట పోయొచ్చాం. నీ పేరున అర్చన చేయించాం. నాయన మోకాళ్ళు మళ్ళీ పట్టేశాయి, నీకు చెప్పొద్దన్నాడు, చెప్పేశాను.

బొమ్మ సంగతి. అది నమూనా మాత్రమే జేజీ. అలాంటివి చాలాసార్లు మారతాయి. పైవాళ్ళతో మాట్లాడడానికి ఒక పద్ధతి ఉంటుంది. నువ్వు తొందరపడి వీధిలో ఎవరితోనూ ఏమీ అనకు. ఇంకో మాట. చిన్నాయన ఇంకా ఎన్నాళ్ళు వీధిలో గంజి దువ్వుకుంటూ కష్టపడాలి? మిల్లులో గంజి పెట్టి చుట్టిన పడుగు ప్రొద్దుటూరులో తయారుగా దొరుకుతోందట. వానకు భయపడే పని లేదు, ఎండ కోసం చూసే పని లేదు. ఒకసారి అడిగి చూడు.

నీకు ఒక చీర పంపుతున్నాను. రంగు నీకు నచ్చుతుంది.

నీ ప్రణీత


ఎమ్మిగనూరు,
15 సెప్టెంబరు 2024

ప్రణీతకు,

చీర అందింది. మరమగ్గం చీర. నేతగాడి ఇంటికి మరమగ్గం చీర పంపడానికి నీకు చేతులెలా వచ్చాయో తెలియదు. తిప్పి పంపుతున్నాను. పోస్టు ఖర్చు నాదే, నీ ఖాతాలో రాయలేదు.

నేను ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ హైస్కూలు పిల్లల జవాబులు దిద్దినదాన్ని, హెడ్‌మిస్ట్రెస్ అయ్యాక కూడా మానలేదు. జవాబు తెలియని పిల్ల కాగితం ఖాళీగా వదిలేస్తుంది. తెలిసీ రాయడానికి భయపడే పిల్ల అక్షరాలు గుండ్రంగా రాస్తుంది, చుట్టూ మార్జిన్ కొడుతుంది, ఒంటిమిట్ట గురించి రాస్తుంది. నేను అడిగింది బొమ్మ గీసినవాడెవడని. నీ ఉత్తరంలో అది తప్ప అన్నీ ఉన్నాయి.

మిల్లు పడుగు గురించి ఈరేష్‌ను అడిగాను. "వాళ్ళు ఏ రంగు ఇస్తే ఆ రంగు, ఏ కొలత ఇస్తే ఆ కొలత తీసుకోవాల. అప్పుడు మగ్గం నాది, చీర వాళ్ళది" అన్నాడు.

నువ్వు నమూనా అన్నావు కదా, ఆ నమూనా బుధవారం లారీలో వచ్చి దిగింది. తొట్టి తర్వాత తొట్టి. దింపించినవాడు మీ కంపెనీ ఇంజినీరు, అరుణ్ కుమార్ అని కుర్రవాడు. ఎదురింటి నాగక్క నీకు తెలుసు, ఈరేష్ పడుగు దువ్వేటప్పుడు రెండో కుంచె ఆమెది. చీపురు చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏమప్పా ఇంజినీరూ, ఈ తొట్లు ఈడ ఎందుకు దింపుతాండావు?"

"అందం కోసమమ్మా. టూరిస్టులు వస్తారు."

"వచ్చి ఏం చేస్తారు?"

"కూర్చుంటారు."

"కూర్చునేకి మా వీధి దాకా రావాల్నా? వాళ్ళ ఊర్లో అరుగులు లేవా?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నాగక్క మాత్రం నవ్వలేదు. "నవ్వొద్దప్పా, ఎకసెక్కానికి అనలేదు. నీ తొట్టిలో మొక్కకు నీళ్ళు పోస్తావు. మా కంచంలో ఏం పోస్తావు?"

అతను చేతిలోని కాగితం చూపించాడు. "నాదేముందమ్మా. మేడమ్ గీసినారు, మేము పెడతాండాం."

ఏ మేడమ్ అని నేను అడగలేదు. అక్కడ వీధంతా ఉంది. అందుకే నిన్ను అడుగుతున్నాను. ఒక్క మాటలో రాయి.

శివకుమారి


కడప,
28 సెప్టెంబరు 2024

జేజీ,

నేనే గీశాను.

ఒక్క మాటలో రాయమన్నావు, రాశాను. మిగతాది కూడా చదువు. నువ్వు ‘ఎవడో’ అని రాశావు. ఆ మాట చదివాక ‘నేను’ అని రాయడానికి చెయ్యి రాలేదు. తప్పే.

కానీ తెలియక గీయలేదు. తడి పడుగు కింద దూరి ఆడుకున్నందుకు నీ చేతి దెబ్బలు తిన్నదాన్ని నేను. తెలిసే గీశాను. ఎందుకో విను. చూడడానికి జనం వస్తారంటేనే ఈ వారసత్వ పథకంలో డబ్బు వస్తుంది. జనం వస్తే కూర్చోవడానికి, ఫోటో దిగడానికి చోటు ఉండాలి, అది వీధిలోనే ఉండాలి. చోటు లేకపోతే పథకం లేదు. పథకం లేకపోతే రోడ్డు మళ్ళీ వస్తుంది. ఇళ్ళన్నీ రక్షిత కట్టడాల జాబితాలోకి పోయాయి, వాటిలో ఒక్క రాయి కదపకూడదు. ఇక మిగిలింది నడుమ జాగా. మీటింగులో అందరి ముందు నన్ను లేపి అడిగారు, ఇళ్ళు కావాలా, నడుమ కావాలా అని. ఇళ్ళు అన్నాను.

ఇప్పుడు నా కోపం కూడా విను. రోడ్డు వస్తుందన్నప్పుడు మీరంతా "పాపా, మా ఇండ్లు నిలబెట్టు" అని నా చేతులు పట్టుకున్నారు. ఒక్కరైనా పడుగు అన్నారా? వీధిలో పడుగు వేసే ఇళ్ళు ఎన్ని మిగిలాయి? చిన్నాయన, నాగక్క, ఆ చివర ఇంకో రెండిళ్ళు. చిన్నాయన కొడుకు భూపేష్ మగ్గం గుంతలో కాలు పెట్టనని సెల్‌ఫోన్ల షాపులో కూర్చున్నాడు. వాడినెవరూ ఏమీ అనరు. ఇళ్ళు నిలబెట్టిన నన్ను తిడతారు.

మేడమ్ అన్న మాటను ఎత్తిపొడుపుగా రాయొద్దు. ఆ మాట అనిపించుకోవడానికి చదివిన చదువు నువ్వు చదివించిందే.

ప్రణీత


ఎమ్మిగనూరు,
17 నవంబరు 2024

ప్రణీతకు,

ఇన్నాళ్ళూ రాయలేదు. రాస్తే ఏం రాసేదాన్నో అని నాకే భయం వేసింది. ఇప్పుడు కూడా కోపం తగ్గి రాయడం లేదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబు. భూపేష్‌ను నేను అన్నాను, ఇప్పటికీ అంటున్నాను. కానీ వాడు తన మగ్గం తాను మానుకున్నాడు. నువ్వు ఇంకొకరి మగ్గం మాన్పించావు. ఈ తేడా తెలియకుండా ఉండే చదువు నేను చదివించలేదు. మేము పడుగు పేరెత్తలేదన్నావు. నిజం. ఇల్లు కాపాడమని అడిగినవాళ్ళు లోపలి మనుషుల సంగతి వేరే చెప్పాలని మాకు తోచలేదు.

ఇక జరిగింది. రాయచోటి నుంచి ఒకామె కూతురి పెళ్ళికని చీరలు నేయమని చెప్పింది. ఈరేష్ నూలు తెచ్చి రంగు వేయించాడు. వీధిలో తొట్లు నిండాయి కాబట్టి, దసరా అయ్యాక వాడూ నాగక్కా ఆ పడుగును ఊరి బయట కాలేజీ గ్రౌండుకు మోసుకుపోయారు. వాచ్‌మన్‌ను బతిమాలి లోపలికి పోయారు. మన వీధిలో రెండు వైపులా ఇళ్ళు ఉంటాయి, గాలి అడ్డంగా కొట్టదు. అక్కడ అడ్డేముంది? సగం దువ్వారో లేదో గాలి లేచింది. ఎర్రమట్టి అంతా తడి గంజి మీద పడింది. పోగుకు పోగు అతుక్కుపోయింది. ఆరిన తర్వాత దాన్ని విడదీసే మనిషి లేడు. కొడవలితో కోసి గోనెసంచిలో కుక్కి తెచ్చాడు. రాయచోటి ఆమె వేరేచోట చీరలు కొనుక్కుంది.

నాగక్క నీ పేరు పెట్టి తిట్టింది. నేను ఆపలేదు. ఆపింది ఈరేష్. "పాపేం చేస్తాదిలే నాగక్కా, దాని ఉద్యోగం అది" అన్నాడు. ఈ వీధిలో నీ తరఫున మాట్లాడిన మనిషి వాడొక్కడే, తెలుసుకో.

వారం కాకముందే మీ అరుణ్ కుమార్ వచ్చాడు. వీధి మొదట్లో అద్దాల గది కడతారట. అందులో మగ్గం పెడతారట. ఈరేష్ వచ్చి కూర్చుంటే నెల జీతం ఇస్తారట.

"నేసిన బట్ట ఎవరికప్పా?" అని ఈరేష్ అడిగాడు.

"బట్ట ముఖ్యం కాదన్నా. చూసేవాళ్ళకు మగ్గం ఆడుతుండాల, అంతే."

"పడుగు అయిపోతే?"

"మెల్లగా నేయండి. రోజుకు జానెడు చాలు. అయిపోకుండా చూసుకోండి."

ఈరేష్ సరేనన్నాడు. ఆ మాట నా ఎదుటే అన్నాడు. చీర ముగియకూడదని నేయడానికి నా కొడుకు ఒప్పుకున్నాడు. సంక్రాంతి దాటాక పోయి కూర్చోవాలట.

ఆ అద్దాల గది కూడా నువ్వే గీశావా?

శివకుమారి


కడప,
20 డిసెంబరు 2024

జేజీ,

అద్దాల గది నేను గీయలేదు. నమ్మితే నమ్ము. నీ ఉత్తరం చదివి ఆఫీసులో గొడవ పెట్టుకున్నాను. "మీవాళ్ళు కాబట్టి మీకు బాధ మేడమ్" అన్నారు.

అయితే ఈ ఉత్తరం దాని గురించి కాదు. ఈ రోజు నా బల్ల మీదికి ఒక అర్జీ నకలు వచ్చింది. నువ్వు బస్సెక్కి కర్నూలు పోయి, కలెక్టరాఫీసు సోమవారం గ్రీవెన్సులో వరసలో నిలబడి ఇచ్చావట. మొదటి సంతకం నీది. నాకు ఒక్క మాట చెప్పలేదు.

నీ వాక్యాలే తిరిగి రాస్తున్నాను: "సందర్శకులు కూర్చొనుటకు చోటు కావలసి యున్నచో నా ఇంటి ముందరి భాగమును అరుగులు, తలవాకిలి, ముందరి గదులతో సహా పడగొట్టి ఆ జాగా ఉచితముగా తీసుకొనవచ్చును. వీధి నడుమ నుంచిన తొట్లు, బల్లలు, స్తంభములు అందులోనికి మార్చవలెను. నా ఇంటిని రక్షిత జాబితా నుండి తొలగించుటకు నాకు సమ్మతమే."

జేజీ, అది ఏ ఇల్లో నీకు తెలుసా? పథకం పుస్తకం అట్ట మీద ఉన్న ఇల్లు. ఆ తలవాకిలి మీద చెక్కిన చిలకల గురించి నేను రెండు పేజీలు రాశాను. ఆ పేజీలు చదివే హోదా ఇచ్చారు. ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. నేను తిరిగింది వీధి కోసం కాదు. ఆ ఇంటి కోసం. మిగతా ఇళ్ళు దాని వెంట వచ్చాయి. ఆ గడప మీద కూర్చుని నీ దగ్గర అక్షరాలు దిద్దాను. అది పోతే నేను కాపాడింది ఏముంది?

నా మీద కోపంతో ఇల్లు పడగొట్టుకుంటావా? అర్జీ వెనక్కి తీసుకో.

ప్రణీత


ఎమ్మిగనూరు,
2 జనవరి 2025

ప్రణీతకు,

తీసుకోను.

కోపం వేరు, అర్జీ వేరు. రెండూ కలపొద్దు. నీ మీద కోపం తీర్చుకోవాలంటే ఉత్తరాలు చాలు, దానికి ఇల్లు అక్కర్లేదు. ముందుగా ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఆపేదానివి. నువ్వు బొమ్మ గీసేటప్పుడు నాకు చెప్పావా?

ఆ తలవాకిలికి ఎన్ని పండగలకు పసుపు రాశానో నువ్వు పుస్తకంలో రాయలేదు, నీకు తెలియదు కాబట్టి. నేను కోడలిగా ఆ గడప దాటి వచ్చినదాన్ని. మీ తాత శవం ఆ గడప దాటే పోయింది. నాకు ప్రేమ లేదనుకోకు. కానీ ఆ చిలకలు చెక్కిన వడ్రంగికి ఇచ్చిన దుడ్లు ఈ వీధిలో సాగిన పడుగుల మీద వచ్చినవి. ముందు వీధి, తర్వాత ఇల్లు. ఇంటిని నిలబెట్టి, దాన్ని కట్టిన పనిని గాజు గదిలో పెడితే ఎవరి వారసత్వం అది? ఇల్లు నీకు ఇష్టం. మీ చిన్నాయనకు వీధి బతుకు. ఇద్దరిలో ఒకరికే ఇవ్వగలనంటే నాకు ఆలోచించే పని కూడా లేదు.

నాగక్క వచ్చి, "అక్కా, నీకేమన్నా పిచ్చి పట్టిందా? ముందర గది లేకుంటే యాడ కూర్చోని మా మీద పెత్తనం చేస్తావు?" అంది.

"వీధిలో" అన్నాను.

"అయితే తొట్లే నయం" అంది.

నవ్వొచ్చింది. శానా రోజులైంది.

అర్జీ ఒప్పుకుంటే మీ కంపెనీయే కొత్త డ్రాయింగు గీయాలట. ఇంకొకరు గీస్తే ఎక్కడో ఒక తొట్టి మిగులుస్తారు. నువ్వే గీయి. సంతకం అందరికీ అర్థమయ్యేటట్టు పెట్టు.

శివకుమారి


కడప,
11 ఫిబ్రవరి 2025

జేజీ,

కొత్త డ్రాయింగు ఇందులో ఉంది. సంతకం చూడు.

వాళ్ళు ఒప్పుకోరనే అనుకున్నాను. మీటింగులో లేచి నీ అర్జీకి వ్యతిరేకంగా నేనే మాట్లాడాను, అది కూడా నీకు తెలియాలి. ఎవరూ వినలేదు. యజమాని ఉచితంగా జాగా ఇస్తుంటే మీకేం నష్టం మేడమ్ అన్నారు. ఫోటోలకు ఇంకా విశాలంగా ఉంటుందని సంతోషించారు. ఆ సంతోషం చూశాక నువ్వు రాసింది నాకు అర్థమైంది. వాళ్ళకు ఇల్లూ ఒకటే, తొట్టీ ఒకటే.

వీధి నడుమ ఏమీ గీయలేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా కాగితం తెల్లగా వదిలేశాను. నేను ఇంతవరకూ గీసినవాటిలో అన్నిటికంటే కష్టమైనది అదే.

తలవాకిలిని పగలకుండా విప్పి భద్రం చేయమని రాశాను. గోడ పడగొట్టే రోజు నేను రాను. చూడలేను. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. కాగితం మీద ఉండాలని రాస్తున్నాను.

ప్రణీత


ఎమ్మిగనూరు,
9 మార్చి 2025

ప్రణీతకు,

నీ కోపం అందింది. ఉంచుకో. నాది కూడా ఇంకా ఉంది.

పోయిన వారమే తొట్లు తీసేశారు. తలవాకిలిని నలుగురు విప్పి, గోనెలు చుట్టి తీసుకుపోయారు. ఎక్కడో ప్రదర్శనకు పెడతారట. పెట్టుకోనీ. అద్దాల గది ఉద్యోగానికి ఈరేష్ పోలేదు. సంక్రాంతి దాటాక రమ్మంటే అర్జీ తేలనీ అని ఆపాడు, తేలాక ఈ మాట చెప్పాడు: "ఆ పని ఇంకెవరికైనా ఇయ్యండప్పా, నాకు చీర ముగించే అలవాటు ఉండాది."

గోడ పడగొట్టే మిషన్ నిన్న పొద్దున్నే వచ్చింది. అప్పటికే వీధిలో పడుగు సాగి ఉంది. ఈరేష్ తెల్లవారకముందే కట్టేశాడు, గంజి కూడా పెట్టేశాడు. అరుణ్ కుమార్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నా, దీన్ని పక్కకు తీయండి, పని మొదలుపెట్టాల. పైవాళ్ళు వస్తారు."

నాగక్క కుంచె ఆపకుండానే, "తడి పడుగు తీయకూడదప్పా. ఆరేదాకా కూర్చో. మీరు కూర్చునేకే కదా ఇంత చేసింది" అంది.

అతను నా వైపు చూశాడు. ఇల్లు నాదే కదా, నేను చెబితే వింటారనుకున్నాడు. నేను చెప్పలేదు. మిషన్ వీధి మొదట్లో ఆగింది. జీపులో వచ్చిన పెద్దమనుషులు దిగి నిలబడ్డారు. వాళ్ళ ముందు నుంచే ఈరేష్, నాగక్క అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు దువ్వుకుంటూ నడిచారు. ఎవరికీ దారి ఇవ్వలేదు. ఆ చివర రెండిళ్ళవాళ్ళు కూడా వచ్చి చెయ్యి వేశారు. పడుగు ఆరింది. చుట్టి, భుజాల మీద ఎత్తుకుని పక్కనే ఉన్న ఈరేష్ ఇంట్లోకి మోసుకుపోయారు.

అప్పుడు గోడ పడగొట్టారు. మిషన్ పళ్ళు ముందు అరుగుకు తగిలాయి, తర్వాత కిటికీకి. నీకు వివరంగా రాయను. చూడలేనన్నావు కదా, చదవలేవు కూడా. నేను నాగక్క అరుగు మీద ఒక్కదాన్నే కూర్చుని చివరిదాకా చూశాను.

ఆ చప్పుడుకైనా మీ చిన్నాయన బయటికి వచ్చాడా అని అడుగుతావు. రాలేదు. తన ఇంట్లో మగ్గం దగ్గర పాత పోగులకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతుకుతున్నాడు. మధ్యలో లేస్తే వరస తప్పుతుంది. నేను పిలవలేదు.

మీ జేజి,
శివకుమారి